కిరసనాయిలు వాసన పోయేదాకా

మిల్లులో ఆయన్ని అసలు పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. మేనేజరు మొదలుకుని గేటు దగ్గర స్టూలు వేసుకుని కునికే వాచ్‌మన్ దాకా అందరికీ ఆయన ముక్కు మామే. అలాగని అదేమీ చెప్పుకోదగ్గ ముక్కు కాదు. పెద్దదీ కాదు, కోటేరులాంటిదీ కాదు. ఇంకా మాట్లాడితే కాస్త చప్పిడి ముక్కు. అయినా ఆ మిల్లులో బంగారం చేతికి రావాలా, బురదలో కలిసిపోవాలా అన్నది రోజూ ఆ చప్పిడి ముక్కే తేల్చేది.

అక్కడి రాయి నల్లరాయి. బంగారం ఉన్న రాయంటే పచ్చగా ధగధగలాడుతుందనుకునేవాళ్ళు ఒకసారి వచ్చి చూడాలి. వంటింటి మసిగుడ్డకీ దానికీ తేడా కనపడదు. ఆ నలుపంతా బొగ్గు. భూమి కడుపులో రాయితోపాటే పుట్టి, రాయితోపాటే పెరిగిన బొగ్గు. మామూలు రాయైతే పిండి కొట్టి, నీళ్ళు కలిపి, సైనైడు పోస్తే లోపలి బంగారం కరిగి నీళ్ళలోకి దిగుతుంది. ఆ నీళ్ళలో కొబ్బరిచిప్పలు కాల్చి చేసిన బొగ్గు వేస్తే బంగారం వెళ్ళి దానికి అంటుకుంటుంది. బొగ్గును జల్లెడ పట్టి పక్కకి తీసుకుంటే సగం పని అయిపోయినట్టే. నల్లరాయితో అంత సుఖం లేదు. సైనైడు ఇలా కరిగించిందో లేదో, రాతిలో ఉన్న బొగ్గు అలా లాగేసుకుంటుంది. లాగేసుకుని, తనకేమీ తెలియనట్టు బురదలో కలిసి మిల్లు వెనక చెరువులోకి జారుకుంటుంది. అందుకే పనివాళ్ళు దానికి దొంగబొగ్గు అని పేరు పెట్టారు. కొబ్బరిచిప్పలది మంచిబొగ్గు.

దొంగబొగ్గుకి విరుగుడు కిరసనాయిలు. సైనైడు తగలకముందే నల్లబురదలో కాస్త కిరసనాయిలు పోసి తొట్టిలో బాగా తిప్పితే, దొంగబొగ్గు దాన్ని కడుపునిండా తాగేసి ఇక బంగారం జోలికి పోదు. దీన్ని మిల్లులో ‘నోట్లో గుడ్డ కుక్కడం’ అనేవారు. అయితే ఇందులో ఒక తిరకాసు ఉంది. తాగగా మిగిలిన కిరసనాయిలు బురదతోపాటు సైనైడు పోసే పక్క ట్యాంకులోకి వెళ్ళిందా, అక్కడున్న మంచిబొగ్గు నోట్లోనూ గుడ్డ పడుతుంది. అప్పుడు బంగారాన్ని పట్టుకునే నాథుడే ఉండడు. కాబట్టి తొట్టిలో కిరసనాయిలు వాసన పోయేదాకా బురదను వదలకూడదు. ముందు వదిలితే కొంప మునుగుతుంది, మరీ ఆలస్యం చేస్తే వెనక రాయి పేరుకుపోయి మిల్లే ఆగిపోతుంది.

ల్యాబులో దానికి పరీక్ష లేకపోలేదు. కెమిస్టమ్మ దిట్టమైన మనిషి, ఆవిడ లెక్క తప్పదు. కానీ ఆ లెక్క తేలేసరికి పూట గడుస్తుంది. అందుకని ఆవిడే ఒక ఏర్పాటు చేసింది. తొట్టి మీద నిలబడ్డ మనిషి వాసన చూసి వదలాలి, ఆ తరవాత ల్యాబులో సరిచూసుకోవాలి. ముక్కు మామ మాటకీ ల్యాబు మాటకీ ఎప్పుడూ పేచీ రాలేదు. “మావయ్యా, మీరు రిటైరయ్యాక మీ ముక్కు నాకిచ్చి వెళ్ళండి. బీరువాలో పెట్టుకుంటాను” అనేది కెమిస్టమ్మ. “అప్పుడు మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానివ్వదమ్మా” అనేవాడు ఆయన. పైకి నవ్వేసినా ఆ మాట ఆయనకి అమృతంలా ఉండేది.

తొట్టి మీద ఆయన ఉంటే, కింద వాల్వు చక్రం దగ్గర ఆయన బావమరిది ఉండేవాడు. కిరసనాయిలు కుళాయి కూడా అతని చేతి కిందే. ఈ బావమరిది పేరు కొసరు. ఆ పేరు పెట్టింది బావగారే. తల్లి పోయేనాటికి కొసరు ఇంకా అక్క చంక దిగలేదు. అక్క కాపురానికి వస్తూ పెట్టెతోపాటు వాణ్ణీ ఎత్తుకొచ్చింది. “పెళ్ళాన్ని తెచ్చుకుంటే కొసరు కూడా వచ్చింది” అని ముక్కు మామ ఇంటింటా చెప్పుకుని నవ్వాడు. పేరు అలాగే ఉండిపోయింది. ఆ దంపతులకి పిల్లలు పుట్టలేదు. ఆ దిగులు వాళ్ళు ఎవరి దగ్గరా వెళ్ళబోసుకున్నది లేదు, ఎందుకంటే కొసరు ఉన్నాడు. వాడికి అన్నం కలిపి పెట్టింది అక్క, సైకిలు నేర్పింది బావ, మిల్లులో పని ఇప్పించింది బావ, పిల్లని వెతికి పెళ్ళి చేసింది ఇద్దరూ. కొసరుకి ఈమధ్యే ఓ ఆడపిల్ల పుట్టింది. కంపెనీ క్వార్టర్స్‌లో బావగారిది ముందు వరస, కొసరుది వెనక వరస. మధ్యలో బట్టలారేసుకునే తీగలు మాత్రం అడ్డం.

బావా బావమరుదులన్నాక వేళాకోళాలుంటాయి. “బావా, నీ ముక్కు లేకపోతే ఈ మిల్లు మూతపడుతుంది, నీ నోరు లేకపోతే ఇంకాస్త బాగా నడుస్తుంది” అనేవాడు కొసరు. “నీకు జీతం ఇచ్చేది చక్రం తిప్పడానికిరా, నాలిక తిప్పడానికి కాదు” అనేవాడు ముక్కు మామ. వాళ్ళిద్దరూ అలా అరుచుకుంటుంటే మిల్లులో కొత్తగా చేరినవాళ్ళు నిజంగా తగువనుకుని విడదీయడానికి వచ్చేవారు.

ఒక వానాకాలం ముక్కు మామకి పడిశం పట్టింది. ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చింది. జ్వరం తగ్గాక పనిలోకి వెళ్ళి, ఎప్పటిలాగే తొట్టి అంచు మీదికి వంగి, కళ్ళు మూసుకుని ఊపిరి లాగాడు. ఏమీ లేదు. వాసన పోయిందనుకుని “పోనీ” అన్నాడు. మరుక్షణం కొసరు నిచ్చెన ఎక్కి పైకి వచ్చేశాడు.

“గుప్పుమని కొడుతుంటే పోనీ అంటావేంటి బావా? తమాషాగా ఉందా?”

ముక్కు మామ మళ్ళీ వంగాడు. ఇంకా వంగాడు. కొసరు గబుక్కున చొక్కా పట్టుకోకపోతే తొట్టిలోనే పడేవాడు. లేచి నిలబడ్డాక ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. మిల్లు రొదలో ఆ మాటలు ఇంకెవరికీ వినపడలేదు గానీ కొసరుకి అంతా అర్థమైపోయింది.

ఆ సాయంత్రం పంపు గది వెనక ముక్కు మామ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. “నాకు దేని వాసనా తెలియడం లేదురా. సబ్బూ ఒకటే, పేడా ఒకటే” అన్నాడు. పొరుగూరి డాక్టరు దగ్గరికి ఇద్దరూ చెప్పకుండా వెళ్ళొచ్చారు. నరం దెబ్బతిందనీ, వస్తే రావచ్చు, రాకపోతే రాకపోవచ్చనీ డాక్టరు చెప్పాడు. ఆ మాత్రం చెప్పడానికి డాక్టరు చదువెందుకని ముక్కు మామ దారంతా తిట్టుకున్నాడు.

మేనేజరుకి చెప్పేస్తే సరిపోయేది. వేరే చోట ఏదో ఒక పని ఇచ్చేవారేమో, ఇవ్వక ఇంటికి పంపించి క్వార్టరు ఖాళీ చేయమనేవారేమో. ఆ భయం ఒక సగం. మిగతా సగం పరువు. నిజం చెప్పుకోవాలంటే పరువే ఎక్కువ. ముక్కు లేని ముక్కు మామ అంటే జనం ఎలా నవ్వుతారో ఆయనకి తెలుసు, ఇంకొకరి విషయంలో ఆయనే ముందుగా నవ్వేవాడు కాబట్టి. కట్టుకున్న భార్యకి కూడా చెప్పలేదు. ఆవిడకి మొగుడి ముక్కంటే మంగళసూత్రం తరవాత అంతటిది.

అప్పుడు కొసరే ఉపాయం చెప్పాడు. పైపు బిగింపు చూసే వంకన అతను నిచ్చెన సగందాకా ఎక్కి వాసన చూసి దిగుతాడు. ఇంకా వాసన ఉంటే తువ్వాలు భుజం మీద ఉంటుంది. వాసన పోతే తలకి చుట్టుకుంటాడు. ముక్కు మామ మామూలుగానే వంగి, మామూలుగానే ఊపిరి లాగి, ఓరకంట కిందికి చూసి “పోనీ” అనాలి. అంతే. ఎండకో చెమటకో మిల్లులో అందరూ తువ్వాలు వాడతారు, దాన్ని పట్టించుకునేవాడెవడు? ఈ నాటకం ఏ ఆటంకం లేకుండా నడిచింది. ల్యాబు లెక్కలూ సరిపోతూనే ఉన్నాయి. కెమిస్టమ్మ పొగుడుతూనే ఉంది. ఆ పొగడ్త వినపడినప్పుడల్లా ముక్కు మామ తల వంచుకునేవాడు, కింద కొసరు మాత్రం పళ్ళికిలించేవాడు.

మనిషి మనసు వింతది. కొసరు లేకపోతే తన బతుకు ఏమయ్యేదో ముక్కు మామకి తెలుసు. తెలిసినకొద్దీ కొసరంటే చిరాకు పెరిగింది. వాడు నవ్వితే తనని చూసే నవ్వాడనిపించేది, నవ్వకపోతే జాలిపడుతున్నాడనిపించేది. పాత వేళాకోళాలకి కూడా ముక్కు మీదికి కోపం వచ్చేసేది. కొసరుకి అది తెలిసేది కాదు. వాడి దృష్టిలో బావ ఎప్పటి బావే.

ఇలా ఉండగా గనిలో మామూలు నలుపు రాయి అడుగంటింది. కింద అంతస్తులో ఉన్నదంతా కాటుకలాంటి రాయి. దానిలోంచి బంగారం సరిగా వస్తుందో రాదో తేలితే తప్ప ఆ అంతస్తు తెరిచేది లేదని పెద్దాఫీసువాళ్ళు చెప్పారు. ఒక తొట్టెడు బురద వాళ్ళ కళ్ళెదురుగా నడిపించి చూపాలి. మిల్లంతా దాని గురించే మాట్లాడుకున్నారు.

ముందురోజు సాయంత్రం కొసరు ఇంట్లో భోజనాలు. ముక్కు మామ భార్య లోపలి గదిలో పసిపిల్లని నిద్రపుచ్చుతోంది. కొసరు భార్య వడ్డిస్తోంది. కొసరు మంచి హుషారు మీదున్నాడు.

“ఒసేయ్, నా తువ్వాలు బాగా ఉతికి పెట్టు. రేపు పెద్దవాళ్ళంతా వస్తున్నారు. బావ ముక్కు అందులోనే ఉంది” అన్నాడు.

కొసరు భార్య పకాలున నవ్వి, “ఉతకడమే కాదు, ఇస్త్రీ కూడా చేసి పంపిస్తాను లెండి అన్నయ్యగారూ” అంది.

ముక్కు మామ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అంటే ఈ అమ్మాయికి తెలుసన్నమాట. వీడు చెప్పేశాడన్నమాట. ఆ అమ్మాయి మనసులో ఏ కల్మషమూ లేదు. ఇంటి మనిషి కదా అని నవ్వింది, అంతే. కానీ ఆయనకి ఒళ్ళంతా కారం రాసినట్టయింది. తిని చెయ్యి కడుక్కున్నాడు. గుమ్మం దిగాక కొసరుని తీగల దగ్గరికి పిలిచాడు.

“నీ తువ్వాలు లేకపోతే నాకు గతి లేదనుకుంటున్నావేంట్రా?”

“ఏదో సరదాకి అన్నాను బావా.”

“నువ్వు ఉచ్చ పోసుకునే రోజుల్నుంచీ ఆ తొట్టి నా చేతి కింద ఉంది. ఎంతసేపు తిప్పితే వాసన పోతుందో నాకు ముక్కు లేకుండా కూడా తెలుసు. రేపు నీ సాయం నాకక్కర్లేదు.”

“బావా, రేపటిది కొత్త రాయి. కిరసనాయిలు కూడా ఎక్కువ పోస్తున్నాం. కోపం నా మీద చూపించు గానీ...”

ఆయన వినకుండా వెళ్ళిపోయాడు.

మర్నాడు తొట్టి చుట్టూ ఇనుప మెట్ల మీద తెల్ల టోపీలు పెట్టుకున్న పెద్దమనుషులు నిలబడ్డారు. మేనేజరు “ఈయనే మా ముక్కు మామ. మా మిల్లు పరువంతా ఈయన ముక్కులో ఉంది” అని పరిచయం చేశాడు. అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. కాటుక బురద సుళ్ళు తిరుగుతోంది. ఆ మిల్లులో ఎప్పుడూ ఉండే కిరసనాయిలు కంపులోంచి తొట్టిలోది వేరుగా పట్టడం తొట్టి పని చేయని ముక్కులకి సాధ్యం కాదు. కొసరు నిచ్చెన సగందాకా ఎక్కి దిగాడు. తువ్వాలు భుజం మీదే ఉంచుకున్నాడు.

ముక్కు మామ తొట్టి మీదికి వంగి ఊపిరి లాగాడు. కిందికి చూడకూడదని రాత్రే ఒట్టు పెట్టుకున్నాడు, చూడలేదు. ఇంత నల్లటి రాయి ఇంకా గబగబా తాగేసి ఉంటుందని లెక్కవేసుకున్నాడు. పోసిన కిరసనాయిలు ఎక్కువన్న సంగతి ఆ లెక్కలోకి రాలేదు. లేచి నిలబడి, రోజూకంటే గట్టిగా “పోనీ!” అన్నాడు.

చక్రం కదల్లేదు. కొసరు భుజం మీది తువ్వాలు తీసి, మొహం తుడుచుకున్నట్టు గట్టిగా దులిపి, మళ్ళీ భుజం మీదే వేసుకున్నాడు. ముక్కు మామ ఎటో చూస్తున్నాడు.

“ఏమయ్యా, వినపడలేదా?” అని మేనేజరు కేకేశాడు.

“పోనీరా!” అన్నాడు ముక్కు మామ రెండోసారి.

కొసరు ఒక్కసారి తలెత్తి బావ మొహం చూశాడు. తరవాత రెండు చేతులా చక్రం పట్టుకుని తిప్పేశాడు. బురద భళ్ళున పక్క ట్యాంకులోకి దూకింది.

ఫలితం తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ట్యాంకులోంచి తీసిన మంచిబొగ్గుకి బంగారం అంటీ అంటనట్టు ఉంది. వేలితో రుద్దితే జిడ్డు. కరిగిన బంగారమంతా నీళ్ళతోపాటు చెరువులోకి వెళ్ళిపోయింది. చెరువు అడుగున, కిరసనాయిలు వాడకముందు ఏళ్ళ తరబడి పేరుకున్న నల్లబురద దాన్ని హాయిగా తాగేసింది. దాని చేత మళ్ళీ కక్కించాలంటే ఆ బురదనంతా కొలిమిలో పెట్టి కాల్చాలి. అంత కొలిమి ఆ మిల్లుకి లేదు. కెమిస్టమ్మ చెప్పాల్సింది సూటిగా చెప్పింది. మంచిబొగ్గు ట్యాంకులోకి కిరసనాయిలు వచ్చింది, ఎలా వచ్చిందో తేలాలి అంది. పెద్దాఫీసువాళ్ళు కింద అంతస్తు ఊసు ఎత్తకుండా వెళ్ళిపోయారు.

మేనేజరు గదిలో బావనీ బావమరిదినీ నిలబెట్టారు. ముక్కు మామ చెప్పేయాలనే వెళ్ళాడు. నోరు తెరిచాడు కూడా. అంతలో కొసరు అందుకున్నాడు.

“తప్పు నాది సార్. కిరసనాయిలు కుళాయి సరిగా కట్టలేదు. బావ చూసినప్పుడు వాసన లేదు. బురద వదులుతుంటే కారి కలిసింది. చక్రం తిప్పేముందే అనుమానమొచ్చింది, అయినా తిప్పేశాను.”

“అందుకా, చక్రం దగ్గర అలా తడబడ్డావు!” అన్నాడు మేనేజరు. అందరూ చూశారు ఆ తడబాటుని. ఎంత చక్కగా అతికిందంటే, ఒక్క క్షణం ముక్కు మామకే అది నిజమనిపించింది. నాలుగు రోజులు పనిలోంచి ఆపుతారు, అంతకంటే ఏం చేస్తారులే అని మనసు సర్దిచెప్పింది. ఆయన తెరిచిన నోరు మూసేసుకున్నాడు.

నాలుగు రోజులు కాదు. కొసరుని పనిలోంచి పూర్తిగా తీసేశారు. క్వార్టరు ఖాళీ చేయమన్నారు.

ఆ మాట విన్న ముక్కు మామ కాళ్ళకి చెప్పులు కూడా లేకుండా మేనేజరు దగ్గరికి పరిగెత్తాడు. జ్వరం దగ్గర్నుంచి తువ్వాలు దాకా పూసగుచ్చినట్టు చెప్పాడు. మేనేజరు అంతా విని కుర్చీ చూపించాడు.

“కూర్చోండి మామా. ఆ కుర్రాణ్ణి మీరు కడుపులో పెట్టుకుని పెంచారని నాకు తెలియదా? మీ స్థానంలో నేనున్నా ఇదే మాట చెప్పేవాణ్ణి.”

“కట్టుకథ కాదు సార్. నాకు వాసన రాదు. కావాలంటే పరీక్ష పెట్టండి.”

కిరసనాయిల్లో ముంచిన గుడ్డ తెప్పించి ముక్కు దగ్గర పెట్టారు. “రావడం లేదు సార్” అన్నాడు. మేనేజరు విచారంగా నవ్వి, “రావడం లేదనడానికి ముక్కెందుకండీ, నోరుంటే చాలు” అన్నాడు.

కెమిస్టమ్మ కూడా అక్కడే ఉంది. ఆవిడ కళ్ళలో గౌరవం ఇంకా పెరిగింది. అదే ఆయనకి చావులా ఉంది. “మావయ్యా, మొన్న మొన్నటిదాకా నా లెక్కకీ మీ మాటకీ ఒక్కసారైనా తేడా రాలేదు. ముక్కు పనిచేయనివాళ్ళు అలా ఎలా చెప్పగలరు?” అంది.

“వాడు చెప్పేవాడమ్మా. తువ్వాలుతో.”

“తువ్వాలుతోనా?” అని ఆవిడ మేనేజరు వైపు చూసింది. ఆ మాట పైకి అనేసరికి ఆయనకే పిచ్చిమాటలా వినపడింది. కొసరుని పిలిచి అడిగితే, “మా బావ నా కోసం ఏదైనా చెప్తాడు సార్” అని నేలచూపులు చూశాడు. ఇక తొట్టి ఎక్కనంటే ఎక్కనని ముక్కు మామ మొండికేశాడు. కోపం తగ్గేదాకా ఇంట్లో ఉండి రమ్మని మేనేజరు బుజ్జగించి పంపాడు.

ఇంట్లో ఇంకో నరకం. ఆయన భార్య తమ్ముడితో మాటలు మానేసింది. “నేనే పెంచాను, గారం చేసి నేనే పాడుచేశాను. మీరిప్పించిన పనిలో, మీ పక్కనే ఉండి, మీ మొహాన మసి పూస్తాడా?” అని కుమిలిపోయింది. పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. మేనేజరు ముందు నిజం చెప్పగలిగిన మనిషి ఈవిడకి మాత్రం చెప్పలేదు. మిల్లువాళ్ళు నమ్మకపోతే కొసరు ఉద్యోగం పోతుంది, అంతే. ఈవిడ నమ్మిందంటే తనే పోతాడు. ఆయన్ని ఆపింది ఆ భయమే.

కొసరు సామాను ట్రాలీ ఆటోలోకి ఎక్కుతోంది. ఎక్కడో దూరాన కంకర క్వారీలో పని దొరికిందట. అక్క తలుపు గడియ పెట్టుకుని పడుకుంది. ముక్కు మామ వెళ్ళి మంచం పట్టెలు అందించాడు, గిన్నెల మూటకి తాడు బిగించాడు. కొసరు భార్య కళ్ళు తుడుచుకుంటూ పిల్లతో ముందు సీట్లో కూర్చుంది. బావా బావమరిదీ ఆటో వెనక మిగిలారు.

“వాసన వస్తోందని నీకు తెలుసు. ఎందుకు తిప్పావురా?” అన్నాడు ముక్కు మామ.

కొసరు తాడు ముడిని ఒకసారి లాగి చూశాడు. “నేను తిప్పకపోతే ఎందుకు తిప్పలేదని అడుగుతారు కదా. అందరూ నీ వంకే చూస్తున్నారు బావా” అన్నాడు.

కొసరు ముందు వరస ఇళ్ళ వైపు చూసి, “అక్క రాదా?” అని అడిగాడు. “పోనీలే, పడుకోనీ. అక్కకి మాత్రం చెప్పకు. నన్ను తిట్టుకుంటే తిట్టుకోనీ, ఆ కోపం ఎన్నాళ్ళుంటుంది?” అని వంగి బావ కాళ్ళకి దణ్ణం పెట్టి ఆటో ఎక్కాడు.

ఆటో వెళ్ళిపోయింది. ముక్కు మామ ఇంటికి వచ్చి తలుపు తట్టి, తీసేదాకా తట్టి, నిలబడ్డచోటే భార్యకి అంతా చెప్పేశాడు.

“వాణ్ణి వెనకేసుకు రాకండి” అందావిడ.

“నీ మీద ఒట్టు. నాకు ముక్కు పోయి చాలాకాలమైంది.”

ఆవిడ విసుగ్గా ఏదో అనబోయి ఆగింది.

“ఆమధ్య మీ మంచం కింద ఎలుక చచ్చి పడుంది” అంది నెమ్మదిగా. “నేను పుట్టింటివైపు పెళ్ళికెళ్ళి వచ్చేసరికి ఇల్లంతా కుళ్ళు కంపు. గుమ్మంలోనే వాంతొచ్చింది నాకు. మీరు ఆ మంచం మీదే పడుకుని నిద్రపోతున్నారు. మిల్లులో అలసిపోయారు కాబోలని నేనే తీసి పారేశాను.”

ఆయన తల దించుకున్నాడు.

ఆవిడ ఒక్క ఉదుటున బయటికి పరిగెత్తింది. జుట్టు ముడి ఊడిపోయినా, పమిట జారినా చూసుకోలేదు. వీధి మలుపు దాకా, అక్కణ్ణించి రోడ్డు దాకా వెళ్ళింది. రోడ్డు మీద దుమ్ము కూడా లేదు. రొప్పుతూ తిరిగొచ్చి, మొగుడి జేబులోంచి ఫోను లాక్కుని తమ్ముడికి చేసింది.

“అక్కా!” అన్నాడు కొసరు మొదటి గంటకే.

ఆవిడ ఎన్నో అనాలనుకుంది. చివరికి, “అన్నం తిన్నార్రా?” అంది.

“దారిలో తింటాం అక్కా.”

“పిల్లకి గాలి తగలనివ్వకండి.”

“సరే అక్కా. నువ్వు తిన్నావా?”

ఆవిడ తిన్నానని అబద్ధం చెప్పింది. అవతల వంతెన మీద వెళ్తున్నారు కాబోలు, మాట తెగిపోయింది. మళ్ళీ చేస్తే కలవలేదు. ఫోను ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. తరవాత పమిటతో మొహం తుడుచుకుని లేచింది.

“పదండి, మేనేజరు దగ్గరికి. నేను చెప్తాను. ఎలుక సంగతి చెప్తాను. ఆడదాన్ని, నేనెందుకు అబద్ధం చెప్తాను?”

ముక్కు మామ కదల్లేదు. భార్య మొహం చూడడానికి ఆయనకి ధైర్యం చాలలేదు.

“నువ్వు వాడి అక్కవే” అన్నాడు. “నిన్ను అసలే నమ్మరు.”

ఆవిడ చెప్పుల్లో కాలు పెట్టబోయి గుమ్మం మీద కూలబడింది. వెనక వరసలో ఎవరో కొత్తవాళ్ళు వచ్చి ఖాళీ ఇంటి తాళం తీస్తున్నారు.